ఫ్యూజు పీకే ముందు

పుంగనూరు నుంచి మదనపల్లె వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. రిటైరైన లైన్‌మ్యాన్‌నన్నాడు. నా ఒళ్లోని కాగితాలేమిటని అడిగాడు. కరెంటు బిల్లులకు కొత్త చట్టం ముసాయిదా అనీ, అది జనం ప్రాథమిక హక్కులకు అడ్డొస్తుందేమో చూసి రాయడం నా పని అనీ చెప్పాను.

"కరెంటు కట్ చేసే ముందర ఇంటికాడికి మనిషి పోవల్లని దీంట్లో ఉండాదా సార్?"

"అక్కర్లేదు. ఫోనుకు మెసేజ్ పోతుంది. తర్వాత మీటరే ఆపేస్తుంది."

ఆయన నా ఒళ్లోని కాగితాలకేసి చూశాడు.

"ఫ్యూజు పీకే ముందు నేను మూడుసార్లు పిలుస్తాంటి సార్. లోపల జబ్బు మనిషుంటే పలుకుతారని. సదుం పక్కన ఒకింట్లో ఎవురూ పలకలే. పీకేసి వచ్చేస్తి. ఆ ఇంటాయమ్మ లోపలే ఉన్నింది, ఆక్సిజన్ మిషన్ పెట్టుకోని."

అరచెయ్యి ముక్కుకూ నోటికీ మాస్కులా అడ్డం పెట్టుకుని చూపించాడు. చెయ్యి తీశాక అన్నాడు.

"ఇట్లుంటే యాడ పలుకుతాది? పొద్దుగూకేలోపల పోయింది. అప్పట్నుంచి లోపలికి పోయి సూసినాకే పీకినా."

మదనపల్లె రాకముందే దిగిపోయాడు.

మెసేజ్ చాలన్న ఆ నిబంధన పక్కన ‘అభ్యంతరం లేదు’ అని నేను అప్పటికే రాసేశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. ఆఫీసులో అదే మాట శుభ్రంగా మళ్లీ రాసి, సంతకం పెట్టాను.