మొక్కుకోవద్దన్న మనిషి

పూతలపట్టులో మా పక్కింటి నర్సమ్మ పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూసింది. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరి చెయ్యి అందుకున్నా ఆమె వేళ్లు ముందు నాడి మీదికే పోయేవి. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లకూ అదే మర్యాద. “అలవాటమ్మా, ఏమనుకోబాకండి” అనేది.

మా చెల్లెలికి ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది. అన్నం తింటున్నా, ఊరికే కూర్చున్నా సరే. పావుగంటకు ఠక్కున ఆగేది. ఆసుపత్రికి చేరేసరికి ఈసీజీలో ఏమీ కనిపించేది కాదు. భయమన్నారు. నేను కర్పూరం వెలిగించి, దండం పెట్టి, విభూతి పూసేదాన్ని. ఆగేది. నా దండంతోనే ఆగుతోందని ఏళ్ల తరబడి నమ్మాను.

పదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చెల్లెలు మామిడికాయలు తరుగుతూ గోడకు ఒరిగిపోయింది. నా కేక విని నర్సమ్మ పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది.

“మెట్లెక్కితే గుండె ఉరుకుతాది, కూసుంటే నిమ్మళిస్తాది. ఇది కూసున్నా ఉరుకుతానే ఉండాది. భయం గాదు. ఇది ఉండంగానే ఈసీజీ తీయించాల, పద.”

“దండం పెట్టుకోనొస్తా అక్కా” అన్నాను.

“పెట్టుకోబాక! నువ్వు పెట్టుకుంటే ఆగిపోతాది గదా? ఆగితే మళ్లా ఏమీ లేదంటారు. ఈసీజీ తీసిందాకా నీ దేవుణ్ణి రవంత ఊరుకోమను.”

ఎగతాళో నిజమో నాకు తెలియలేదు. చిత్తూరు దారిలో ఆటో ఎగురుతోంది. “అక్కా, కండ్లు మసకలు కమ్మతాండాయి” అంది చెల్లెలు. నాలుక మీదికి వచ్చిన గోవింద నామాన్ని మింగేశాను. దడ ఆగితే ఈసారీ ఉత్త చేతులతో తిరిగి రావాలి. ఆగకపోతే చెల్లెలు ఏమవుతుందో. ఏది కోరుకోవాలో తెలియక కూర్చున్నాను. మలుపు మలుపుకూ నర్సమ్మ నాడి చూసి ఒకటే మాట: “ఉండాది.”

ఆసుపత్రిలో ఈసీజీ కాగితం బయటికి వచ్చింది. గీతలు దువ్వెన పళ్లలా ఒత్తుగా ఉన్నాయి. గుండెలో కరెంటు నడిచే దారికి పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉందని, కరెంటు అందులో పడి గిరగిరా తిరుగుతోందని డాక్టరు చెప్పాడు. ఆ అడ్డదారిని తరువాత తిరుపతిలో మూసేశారు. పదేళ్లయింది, దడ మళ్లీ రాలేదు.

ఆ రోజు నర్సమ్మ కాగితం చూసి నావైపు తిరిగింది. “ఇంక మొక్కుకో అమ్మణ్ణీ. ఎంత గట్టిగా మొక్కుకుంటావో మొక్కుకో.”

చేతులు జోడించాను గానీ కళ్లు మూయలేకపోయాను. చెల్లెలికి సూదిమందు ఎక్కుతోంది. మంచం పక్కన నర్సమ్మ చెప్పుల్లేని కాళ్లతో నిలబడి, ఆ చెయ్యి వదలకుండా, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.