థర్డ్ క్లాసు కట్ట

నా చిన్నప్పుడు మా తాతయ్య కట్టకు థర్డ్ క్లాసు వచ్చింది. అప్పటిదాకా మా ఇంట్లో ఆ ఘనత నాకొక్కదానికే ఉండేది.

బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట, మా పొలం పైన చిన్న వాగుకు అడ్డంగా తాతయ్య, నానమ్మ మట్టికట్ట వేసుకున్నారు. ఆయన తవ్వితే ఆమె గంపలతో మోసింది. నానమ్మ పోయాక తాతయ్య రోజూ పొద్దున్నే కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. అక్కడ పనేమీ ఉండేది కాదు. అయినా ఇంటికి రావడం ఆలస్యమయ్యేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇలాంటి సొంత కట్టలకు తరగతులు వేయడానికి ఒక ఇంజినీరు వచ్చాడు. జీపు పక్క నుంచే కట్టను చూసి, కాగితం మీద మూడు వేశాడు. తాతయ్య ముఖం మాడిపోయింది.

“థర్డ్ క్లాసా? ఏంది సారూ, ఒక్కపారి ఎక్కి తొక్కి చూడుర్రి. బండ లెక్కుంటది. ఫస్టు రాయుర్రి.”

ఇంజినీరు నవ్వాడు. “ఇది బలానికి వేసే మార్కు కాదు పెద్దాయనా. తెగితే కింద మనుషులు పోయేటట్టుంటే ఫస్టు. ఎవరూ లేకుంటే థర్డు. నీ కట్ట కింద ఎవరూ లేరు, సంతోషపడు.”

తాతయ్య సంతోషపడలేదు. కట్ట కింద వాగు ఒడ్డున, అడవి అవతలి నుంచి వచ్చిన నాలుగు కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉంటున్నాయి. వాళ్ల భాష మాకు రాదు. వాళ్ల పిల్లలతో కొట్లాడటానికి అదేమీ అడ్డం కాలేదు. కింద మనుషులున్నారని తాతయ్య చెబితే ఇంజినీరు మ్యాపు చూపించాడు. అందులో గుడిసెలు లేవు.

“కాయితంల లేకుంటే వాళ్ల మీదికి నీళ్లు పోవా సారూ?”

జవాబుగా జీపు స్టార్టయింది.

తొలి వానలకే కట్ట నిండింది. నాలుగో రోజు కట్ట కింది వైపు తాతయ్య అరచెయ్యి ఆనించి చూశాడు. చెయ్యి తడిసింది; కట్ట లోపలి నుంచి నీళ్లు ఊరుతున్నాయి, ఇక తెగేటట్టుంది. మధ్యాహ్నానికల్లా గుడిసెల వాళ్లను సైగలతో మెరక మీదికి ఎక్కించి, పార తెచ్చి, నీళ్లు మెల్లగా దిగిపోయేలా తన కట్టకు తనే ఓ కొసన గండి కొట్టడం మొదలుపెట్టాడు.

“పిచ్చి లేసిందా మామా! నారు ఏంగావాలె?” అని అమ్మ గట్టు మీది నుంచి అరిచింది.

“మళ్ల పోసుకుందంలే” అన్నాడు. ఏ నీళ్లతోనో చెప్పలేదు.

నేను పక్కనే నిలబడి చూశాను. తెగిన చోట మట్టి పొరలు పొరలుగా కనిపించింది. తాతయ్య పార ఎత్తిన ప్రతిసారీ కాసేపు ఆగేవాడు. ముసలితనం అనుకున్నాను. ఆ మట్టిని ఎవరు మోశారో నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఏడు మా పొలం బీడు పడింది. తాతయ్య వేరేవాళ్ల పత్తి చేనుకు కూలికి పోయాడు. కట్ట మళ్లీ వేయలేదు. వేస్తానని కూడా అనలేదు.

ఇప్పుడు ఎవరైనా ఏదైనా ప్లాను పరిచి, ఒక చోట వేలు పెట్టి ‘ఇదంతా ఖాళీయే’ అంటే నేను తలూపలేను. అక్కడ ఎవరో పొయ్యి వెలిగించుకుని ఉంటారనిపిస్తుంది. వెళ్లి చూసి వచ్చేదాకా నాకు కుదురుండదు.