ఎడమ దిక్కు గొంతు

గౌలిపురలో ప్రేమ్‌రాజ్ అంటే బీరువాలు చేసే ప్రేమ్‌రాజే. భిక్షపతి కార్ఖానాలో ఇనుప రేకు కోసి, వంచి, అతికించే పని అతనిది. ఆ గల్లీలో ఏ ఇంట్లో బీరువా తలుపు బిగుసుకుపోయినా అతన్నే పిలుస్తారు. చాయ్ తాగించి పంపుతారు.

కానీ వేరే ఊళ్లలో కొంతమంది అతన్ని ఇంకోలా ఎరుగుదురు. 'ఇనుప పాట' అని అతనికి ఒక యూట్యూబ్ చానెల్ ఉంది. ఆదివారం ఆరాధన అయిపోయి, అన్నం తిన్నాక, గోడకు ఫోన్ ఆనించి, ఇండస్ట్రియల్ రాక్ గురించి తెలుగులో మాట్లాడతాడు. గిటారును బొంగురుపోయేదాకా సాగదీసి, దాని కింద యంత్రాల మోతను తాళంగా వేసే సంగీతమది. మొట్టమొదట దాన్ని వినిపించింది రేకులు తెచ్చే ట్రాలీ డ్రైవర్ నర్సింహ. బండిలో పాట మోగుతుంటే, ప్రెస్ మిషన్ ఎవరో ఆపకుండా పోయారనుకుని ప్రేమ్‌రాజ్ లోపలికి పరుగెత్తాడు. మిషన్ ఆగే ఉంది. నర్సింహ పొట్ట పట్టుకుని నవ్వాడు. రోజంతా తన చెవుల్లో పడే మోతను ఎవరో పాటగా కట్టారని ప్రేమ్‌రాజ్‌కు ఆ రోజు తెలిసింది. తన పనిని ఎవరో పలకరించినట్టయింది.

పెద్ద బృందాల జోలికి అతను పోడు. వాళ్ల గురించి చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఎవరూ పట్టించుకోని వాళ్లను వెతికి వింటాడు. భిలాయ్ పిల్లల పాట 'లాల్ భట్టీ' వింటే కొలిమి తలుపు తీసినట్టు ముఖానికి సెగ తగులుతుందన్నాడు. సూరత్ నుంచి వచ్చిన 'ఖాలీ షిఫ్ట్' ఆల్బమ్ గురించి చెబుతూ, మొదటి పాట విని పారిపోవద్దని, నాలుగో పాటలో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయే చోటు దాకా ఓపిక పట్టమని బతిమాలాడు. అతని మాటలో వెటకారం ఉండదు. అది తల్లి నీలమ్మ పెంపకం. చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు తాము కన్నది, విన్నది తప్ప ఒక్క ముక్క కలపకూడదని ఆమె చిన్నప్పుడే నేర్పింది. పాటల గురించీ అతను అదే పద్ధతిలో చెప్పేవాడు. పూర్తిగా వినని పాట గురించి నోరు విప్పేవాడు కాదు.

అలాంటి మనిషికే పొరపాటు జరిగింది.

జల్‌పల్లి నుంచి 'పొగగొట్టం' అనే కొత్త బృందం తమ పాటలు పంపింది. అంజన్, అతని చెల్లెలు రశ్మి, ఇద్దరే ఉన్న బృందం. ప్రేమ్‌రాజ్ ఆ పాటలను ఎప్పటిలాగే కార్ఖానాలో పని చేసుకుంటూ విన్నాడు. అక్కడొక కట్టుబాటుంది. రేకు కోసేటప్పుడు ఎదుటివాడు కేకేస్తే వినబడాలి, లేకపోతే వేళ్లు పోతాయి. అందుకని ఎవరూ రెండు చెవులు మూయరాదు. ప్రేమ్‌రాజ్ ఇయర్‌ఫోన్ కుడిది పెట్టుకుని, ఎడమది చొక్కా లోపల వేలాడేసుకునేవాడు. ఏళ్ల తరబడి అదే అలవాటు. ఇంట్లో కూడా అలాగే వినేవాడు.

ఆ ఆదివారం అతను 'పొగగొట్టం' మోతను మెచ్చుకున్నాడు. ఒక మిల్లునే పాటలో దించారన్నాడు. చివర, తన స్వభావం కొద్దీ నిమ్మళంగానే, ఒక మాట అన్నాడు. అంత పెద్ద పాటలో మనిషే లేడని, ఒక్క గొంతైనా ఉంటే ప్రాణం వచ్చేదని.

మర్నాడు అంజన్ ఫోన్ చేశాడు. కోపం లేదు. మొదట కృతజ్ఞతలు చెప్పి, తర్వాత ఆగి ఆగి అడిగాడు.

"అన్నా, ఎడమ దిక్కు మొత్తం మా రశ్మి గొంతే ఉంది. నీకు వినవడలేదా?"

వాళ్ల నాన్నది పప్పు మిల్లట. యంత్రం కుడి పక్కన ఉంటే, అమ్మ ఎడమ పక్కన నిలబడి అన్నానికి పిలిచేదట. పాటను కూడా అలాగే కట్టారట. ప్రేమ్‌రాజ్ మాటలు విన్నప్పటినుంచి రశ్మి, నా గొంతు ఉన్నా లేనట్టే గదా అని, తరువాతి పాటకు పాడనంటోందట.

ప్రేమ్‌రాజ్ సాయంత్రం ఇంటికి రాగానే చొక్కాలోంచి ఎడమ ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు. వాడక వాడక పాడైపోయిందనుకున్నాడు. బియ్యం చెరుగుతున్న తల్లి చెవిలో పెట్టి చూశాడు. నీలమ్మ చెరగడం ఆపింది.

"ఎవలో ఆడపిల్ల పిలుస్తున్నది బిడ్డా," అంది. "గంత గట్టిగ పిలుస్తున్నది, నీకు వినవడ్తలేదా?"

అతను ఇయర్‌ఫోన్ తీసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. చేత్తో అదిమాడు. పాడైంది ఇయర్‌ఫోన్ కాదు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ ఓపిగ్గా పరీక్షలు చేసింది. కటింగ్ మిషన్ ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుందా అని అడిగింది. ఆ చెవికి వినికిడి ఇక తిరిగిరాదని, కుడి చెవినైనా కాపాడుకొమ్మని చెప్పింది. చెప్పేటప్పుడు అతని కుడి పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుంది. ప్రేమ్‌రాజ్ ఇంటికొచ్చి తల్లికి ముందు ఆ కుర్చీ సంగతే చెప్పాడు. జబ్బు సంగతి తర్వాత చెప్పాడు.

భిక్షపతికి తెలిసిన పూటే, అడగకుండానే, అతన్ని కటింగ్ మిషన్ మీదనుంచి తీసి తలుపులు, తాళాలు బిగించే పనికి మార్చాడు. కూలి తగ్గించలేదు. "ఫికర్ చేయకు తమ్మీ, నీ చెయ్యి మంచిది, చెవులతోటి బీరువా చేస్తరా" అని, పని వాళ్లందరికీ చెవులు మూసే మఫ్‌లు తెప్పించాడు. ఇక కేకలుండవు, రేకు పెట్టేముందు భుజం తట్టి చెప్పాలని కొత్త పద్ధతి పెట్టాడు.

ఇంత మంచి జరిగినా ప్రేమ్‌రాజ్ మనసు కుదుటపడలేదు. సగమే వినే మనిషి పాట గురించి ఎలా చెప్పగలడు? వచ్చే ఆదివారం రశ్మికి క్షమాపణ చెప్పి, చానెల్ మూసేస్తానన్నాడు. నీలమ్మ రాత్రి భోజనం ముందు ప్రార్థనలో దేవుడు మిగిల్చిన చెవికి స్తోత్రం చెప్పింది. ఆమెన్ అన్నాక, కంచంలో కూర వేస్తూ అంది.

"నీకు కుడిది ఉన్నది. నాకు రెండున్నయ్. ఎడమ దిక్కు ఏమున్నదో నేను చెప్త. నేను విన్నదే చెప్త, కలుపుడు లేదు."

ఈలోగా ప్రేమ్‌రాజ్ చెవి సంగతి తెలిసి అంజన్ రెండు పక్కల శబ్దాన్ని ఒకే దిక్కుకు కలిపి పాట మళ్లీ పంపాడు. ఎవరూ అడగలేదు, తనకే తోచి చేశాడు. ప్రేమ్‌రాజ్ దాన్ని కుడి చెవితో విన్నాడు. మిల్లు మోత మధ్యలోంచి ఒక గొంతు వచ్చింది. పాడుతున్నట్టు లేదు, ఎండలో నిలబడి ఇంటివాళ్లను పిలుస్తున్నట్టుంది. మోత పెరిగిన కొద్దీ ఆ పిలుపు ఇంకా తాపీగా సాగింది. అతను దాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు. కళ్లు తుడుచుకుంటుంటే నీలమ్మ చూసీ చూడనట్టు లోపలికి వెళ్లింది.

ఆదివారం ఇద్దరూ ఫోన్ ముందు కూర్చున్నారు. నీలమ్మ మందిరానికి కట్టుకున్న చీర మార్చలేదు. ప్రేమ్‌రాజ్ జరిగినదంతా చెప్పాడు. తన ఎడమ చెవికి వినబడదని, పాటలో మనిషి లేడన్నది తప్పని, పాటకు ప్రాణమే ఆ గొంతని అన్నాడు. గొంతు ఎలా ఉందో తాను చెప్పగలడు గానీ, అది ఎక్కడ నిలబడి ఉందో తన తల్లి చెబుతుందన్నాడు.

నీలమ్మ ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లో పెట్టుకుని, అంజన్ మొదట పంపిన పాటనే ఆసాంతం విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఇటు దిక్కు మిషన్ ఉన్నది. అటు దిక్కు పిల్ల ఉన్నది. పిల్ల మిషన్‌కు భయపడ్తలేదు. దాని దగ్గరికి పోతలేదు, దూరం జరుగుతలేదు. రశ్మీ, నువ్వు ఆడ్నే నిలబడు బిడ్డా."

ఆ సాయంత్రమే రశ్మి ఫోన్ చేసింది. ప్రేమ్‌రాజ్‌తో రెండు మాటలు మాట్లాడి, అమ్మకు ఇవ్వమంది. వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. కొత్త పాటలో కూడా ఎడమ దిక్కే పాడతానని ఆ పిల్ల అన్నట్టు నీలమ్మ చెప్పింది. మిగతా ముచ్చట మాత్రం చెప్పలేదు. ఆడవాళ్ల ముచ్చట అంది.

చానెల్ మూసే మాట మళ్లీ రాలేదు. ఇప్పుడు ప్రేమ్‌రాజ్ పనినుంచి వచ్చేసరికి నీలమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటోంది. మొన్న ధన్‌బాద్ నుంచి ఒక బృందం పాటలు వచ్చాయి. ప్రేమ్‌రాజ్‌కు తెగ నచ్చాయి. నీలమ్మ పెదవి విరిచింది. రెండు దిక్కులా ఒకటే లొల్లి, ఒకరి మాట ఒకరు వింటలేరని ఆమె అభిప్రాయం. కొత్త పిల్లలు కదమ్మా, ఆ మాట వదిలేద్దామని అతను బతిమాలాడు.

"చెప్పాలె," అంది నీలమ్మ. "మంచిగ చెప్పు. తినవెట్టి చెప్పినట్టు చెప్పు. గాని చెప్పు."