పంకజం ఆంటీ తలుపు దగ్గరికి రాలేదు

మొన్న ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుతుంటే కౌంటర్ వెనక ఎవరి ఫోన్‌లోనో ఒక పాత జోలపాట మొదలైంది. మాటలు తమిళం. వరస మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిందే, మా అమ్మ ఆ పాటనే తెలుగులో పాడి నన్ను నిద్రపుచ్చేది. అయినా నాకు గుర్తొచ్చింది అమ్మ కాదు, పంకజం ఆంటీ.

నేపర్‌విల్‌లో మా పక్క ఇల్లు ఆవిడది. చెన్నై మనిషే అయినా తెలుగు మాట్లాడేది. భర్త పోయాక కొడుకు దగ్గర ఉండేది. నేను రోజూ ట్రైన్‌లో షికాగో ఆఫీసుకి వెళ్ళొచ్చేదాన్ని. మా ఆయన సోమవారం క్లయింట్ దగ్గరికి వెళ్తే గురువారం గానీ ఇల్లు చేరేవాడు కాదు. కిండర్‌గార్టెన్ చదివే మా మేఘన బస్సు దిగాక నేను వచ్చేదాకా ఎక్కడుండాలన్నది మాకు తెగని సమస్య. "నా దగ్గర ఉండనీ సుధా, నాకేం పని ఉంది?" అంది ఆంటీ. ప్రతిగా ఏమీ పుచ్చుకోనని కూడా అంది.

ఎవరైనా ఊరికే మేలు చేస్తే నాకు నిద్ర పట్టదు. కొడుక్కి మా కంపెనీలో ఉద్యోగానికి రిఫరల్ కావాలేమో అనుకున్నాను. అతనిది నాకంటే పెద్ద ఉద్యోగమని తెలిశాక ఆ అనుమానం పోయి ఇంకొకటి వచ్చింది. మొదట్లో నేను వెళ్ళేసరికి మేఘన రానని ఆంటీ చీర పట్టుకుని ఏడ్చేది. ఆ తర్వాత ఆవిడ తలుపు దగ్గరికి రావడమే మానేసింది. తలుపు తీసే ఉండేది, పిల్ల బూట్లు, బ్యాగు గుమ్మం పక్కన సిద్ధంగా ఉండేవి. వంటింట్లో కుళాయి చప్పుడు. "వెళ్ళొస్తాం ఆంటీ" అంటే జవాబు లేదు. నా ముఖం చూడలేనంత పని లోపల ఏం చేస్తోందని ఇంటికొచ్చాక కూడా తర్కించుకునేదాన్ని.

ఒకరోజు అన్నం తింటూ మేఘన ఆ జోలపాట కూనిరాగం తీసింది. ఎక్కడ విన్నావని అడిగాను.

"ఆంటీతో మూవీ చూశా. ఆ బేబీకి టూ మామ్స్. బేబీ రియల్ మామ్ దగ్గరికి వెళ్ళదు."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆ కథ నాకు తెలుసు. చిన్నకోడలు జబ్బు పడి చాలాకాలం ఆసుపత్రిలో ఉంటుంది, పిల్లలు లేని పెద్దకోడలు ఆ పాపను పెంచుతుంది. తల్లి తిరిగొచ్చేసరికి పాప గుర్తుపట్టదు. చివరికి తల్లే ఓడిపోయి, బిడ్డను పెద్దకోడలి ఒళ్ళో వదిలి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు ఆ తెలుగు సినిమా చూసి నేనూ అమ్మా కలిసి ఏడ్చాం. దాన్నే తమిళంలో మళ్ళీ తీశారని తెలుసు. ఇంత మంచి సినిమా దొరికిందా నా కూతురికి చూపించడానికి? నా బిడ్డ నాకు దక్కకుండా పోతోందని నిజంగానే భయపడ్డాను.

మర్నాడు చెప్పకుండా ముందు ట్రైన్‌లో వచ్చేశాను. పక్కింటి తలుపు తీసే ఉంది. దొంగలా హాల్లోకి తొంగి చూశాను. సినిమా ఆఖరికొచ్చింది. తెర మీద పాప పెద్దమ్మను పిలుస్తోంది. పెద్దకోడలు ధాన్యం కొట్లో దాక్కుని, పలకకుండా నోట్లో కొంగు కుక్కుకుంది. పిలిచి పిలిచి అలసిన పాప తల్లి ఒళ్ళోకి వెళ్ళింది.

"పెద్దమ్మ ఎందుకు దాక్కుంది?" అడిగింది ఆంటీ.

"బేబీ అమ్మ దగ్గరికి వెళ్ళాలని," అంది మేఘన. రోజూ చెప్పే జవాబులా ఉంది.

నన్ను చూసి ఆంటీ లేచి వంటింటి వైపు నడిచింది. వెనకే వెళ్ళాను.

"తెలుగులో ఇలా ఉండదు ఆంటీ. పాప పెద్దమ్మ దగ్గరే ఉండిపోతుంది."

"అట్లనా? మా వాళ్ళు మార్చినారేమో. ఇదే బాగుంది కదా."

"మీరు రోజూ ఇక్కడికెందుకు వచ్చేస్తారు?"

ఆవిడ కుళాయి మీద చెయ్యి వేసింది. "నా చీర పట్టుకొని ఏడ్చినప్పుడు నీ ముఖం చూసినాను సుధా. నేను కనబడితే నీ దగ్గరికి ఎట్ల వస్తుంది?"

హాల్లోంచి మేఘన "అమ్మా" అని పిలిచింది. ఆంటీ కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

రెండేళ్ళ తర్వాత కొడుకుతో టెక్సస్‌లోని ఫ్రిస్కో వెళ్ళిపోయింది, అక్కడే పోయింది. మేఘన ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆంటీ వాళ్ళ ఇంట్లోకి వచ్చిన కొత్త జంట పాపను సాయంత్రాలు నేనే చూసుకుంటున్నాను. తల్లి వచ్చే వేళకి బూట్లు, బ్యాగు గుమ్మం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్తాను. ఆంటీ కుళాయి ఎందుకు తిప్పేదో ఇప్పుడు తెలిసింది. ఆ చప్పుడులో పిల్ల వెళ్ళిపోతున్న అడుగులు వినిపించవు.

ఆ తల్లి ఈమధ్య నన్ను అనుమానంగా చూస్తోంది. చూడనీ.