జ్లాటా మునిగిపోయిన సినిమా

జ్లాటా బ్రోద్నర్‌కి చావడం బాగా వచ్చు. న్యూయార్క్ సెకండ్ అవెన్యూలో, యూదులు మాట్లాడే యిద్దిష్ భాషలో నాటకాలు చూసే దర్జీలూ, బేకరీ పనివాళ్ళూ ఆమె చావు కోసమే టిక్కెట్టు కొనేవారు. జాబ్రోవ్ అనే చిన్న ఊళ్ళో తల్లిని వదిలి, చిన్న వయసులోనే ఓడెక్కి వచ్చిన పిల్ల. ఇంగ్లీషు నోరు తిరగలేదు. అయినా నది అవతలి స్టూడియోవాళ్ళు పిలిచారు. మూకీ సినిమాకి ఏ యాసైతేనేం? అక్కడా ఆమెని చంపారు. ఒకసారి విషమిచ్చి, ఒకసారి క్షయతో. అన్నిటికంటే పేరొచ్చింది మాత్రం చెరువులో ముంచినప్పుడు.

పెద్ద యుద్ధం ముగిసి దారులు తెరుచుకున్నాక, ఒక మధ్యాహ్నం ఆటకి ముందు, ఎవరో ముసలామె మేకప్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. జాబ్రోవ్‌లో వాళ్ళ పక్కింట్లో ఉండి చేపలమ్మే పేషె. కొడుకు దగ్గరికి కొత్తగా వచ్చింది.

"పిన్నీ! లోపలికి రా. అక్కడే ఆగిపోయావేం?"

"ముందు చెయ్యి ఇటియ్యి." పేషె ఆ చెయ్యి నొక్కి చూసి, "వెచ్చగానే ఉంది" అని గొణుక్కుంది.

చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని టీ తాగుతూ మెల్లగా చెప్పింది. సంతలో గుడారం వేసి జ్లాటా సినిమా ఆడించారట. ఊరంతా కలిసి తల్లిని ముందు బెంచీ మీద కూర్చోబెట్టారట. ఆవిడ అంతవరకూ సినిమా అన్నది చూసి ఎరగదు. కూతురి మొహం మీదికి నీళ్ళు రాగానే లేచి తెరకేసి పరిగెత్తింది. ఇంటికెళ్ళి, బిడ్డ పోయిన యూదు తల్లి చేసినట్టే గౌను మెడ చింపుకుని, అద్దం మీద గుడ్డ కప్పి, ఏడు రోజులు నేలమీద కూర్చుంది.

"అది వేషమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పకేం? మన గురువు రబ్బీగారే వచ్చి చెప్పారు. 'నా పిల్ల మొహం నాకు తెలీదా, మీరు చెప్పొచ్చారా' అని ఆయన్నే కసిరింది. నీ ఫోటోలొస్తే, పాపం పోకముందు తీయించుకుందని ముద్దులు పెట్టుకునేది."

"ఇప్పుడెలా ఉంది?"

పేషె గ్లాసు కింద పెట్టింది. "పోయిన చలికాలం జ్వరంతో పోయిందమ్మా. నోటితో చెప్పమని ఊళ్ళోవాళ్ళు నాకప్పగించారు. మీ అమ్మ ఏం భయపడలేదు. పిల్ల దగ్గరికే కదా పోతున్నానంది."

జ్లాటా బల్ల అంచు పట్టుకుంది. "ఆ రోజు ఎలా ఏడ్చింది?" అంది.

"అది అడక్కే."

"ఒక్కసారి, పిన్నీ."

పేషె కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. మాట లేదు, పేరు లేదు. సన్నగా మొదలై ఎక్కడా తెగని ఒకే కేక. నడవాలో సామాన్లు మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

ఆ పూట మూడో అంకంలో చావాల్సిన చోట జ్లాటాకి కళ్ళు మూతపడలేదు. మూయబోతే ముందు వరసలో ఎవరో బెంచీ మీంచి లేస్తున్న చప్పుడు. తెర దించేశారు. ఆమె మళ్ళీ చచ్చే వేషం కట్టలేదు, నది దాటి స్టూడియోకీ వెళ్ళలేదు. నడివయసైనా రాకముందే జుట్టుకి పిండి రాసుకుని తల్లి వేషాలకి దిగింది.

వాటిలో ఒక నాటకంలో కొడుకు శవం మీద పడి ఏడవాలి. మొదటి ఆటలోనే ఆమె గొంతులోంచి ఆ కేక వచ్చింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెర పడ్డాక శవం వేషగాడు లేచి కూర్చుని, "జ్లాటా, అది నీ గొంతు కాదు" అన్నాడు.

"కాదు," అందామె.

ఆ వేషం చాలా ఏళ్ళు వేసింది. ఆ ఏడుపుని మాత్రం ఒక్కనాడూ సాధన చేయలేదు. తను వద్దనుకున్న రోజు కూడా అది వచ్చేది.