తిన్నరా అని అడగకూడదు

కరోనా గడిచిన రెండో ఏడు, ఆషాఢం చివరి వారంలో, మా యజమాని నన్ను జనగామ లాడ్జి నుంచి భూపాలపల్లి లాడ్జికి మేనేజర్‌గా మార్చారు. అప్పటికి నా రిటైర్మెంటుకు పదకొండు నెలలే ఉన్నాయి. ఈ వయసులో బదిలీ ఎందుకని అడిగాను. "అది నువ్వు తెరిచిన లాడ్జి. మూసుడైనా నువ్వే ముంగట ఉండాలె" అన్నారు. మనిషి మంచివాడే, మాట మెత్తగా చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు.

నేను తెరిచిన లాడ్జి అన్నది నిజమే. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో రూంబాయ్‌గా చేరి, సూపర్‌వైజరై, రిసెప్షన్ దాకా వచ్చినవాణ్ని. భూపాలపల్లిలో భవనం గోడలు లేస్తున్నప్పుడే నన్ను మేనేజర్‌గా తెచ్చుకున్నారు. ప్లానులో కింది అంతస్తున ఒక వంటగది ఉండేది. వంటగది అంటే వంటమనిషి, గ్యాసు, ఈగలు, ఫిర్యాదులు. దాని బదులు రెండు గదులు వేయిద్దామని సలహా ఇచ్చింది నేనే. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది నంబరు గదులు అట్లా వచ్చాయి. ఆ రోజు యజమాని నా భుజం తట్టారు. చాలాకాలం ఆ తట్టిన భుజం చూసుకుని మురిసిపోయాను. జనగామకు నన్ను మార్చింది కరోనాకు కొంచెం ముందే.

భూపాలపల్లిలో లాడ్జి పనుల మీద నడుస్తుంది. బొగ్గు గనుల కాంట్రాక్టర్లు, యంత్రాలు బాగుచేసేవాళ్ళు, ఆడిట్‌కు వచ్చేవాళ్ళు దిగుతారు. మేం వాళ్ళను పేరుతో పిలవం, 'పార్టీ' అంటాం. 'పన్నెండు పార్టీ బయటికెళ్ళింది' అంటే పన్నెండో గదిలో దిగిన మనిషి వెళ్ళాడని అర్థం. అందరిలోకీ పెద్ద పార్టీ ఓవరాలింగ్ వాళ్ళు. వానలు పడి కరెంటు వాడకం తగ్గగానే పవర్ ప్లాంటులో ఒక యూనిట్ ఆపి, బాయిలర్ గొట్టాలు, టర్బైన్ విప్పి బాగుచేస్తారు. దానికి వచ్చే మెకానిక్కులు నెలన్నర ఉంటారు. ఆ నెలన్నర లాడ్జి నిండితేనే మిగిలిన ఏడాది గట్టెక్కేది.

ఆ ఏడు వాళ్ళు రాలేదు. అంటే ఊళ్ళోకి వచ్చారు, లాడ్జికి రాలేదు. ఊళ్ళో ఇళ్ళవాళ్ళు మేడ మీది గదుల ఫొటోలు ఫోన్‌లో పెట్టి, రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. మొత్తం మెకానిక్కుల క్రూ ఆ ఇళ్ళలో దిగింది. దసరాలోపు వాళ్ళను వెనక్కి తేలేకపోతే భవనాన్ని ఒక స్కానింగ్ సెంటరుకు ఇచ్చేస్తానని యజమాని తేల్చేశారు. పనివాళ్ళం తొమ్మిది మందిమి. ఎనిమిది మందికి ఇంకా వయసుంది, ఇంటి బరువుంది. వాళ్ళ పని నిలబెట్టడానికే నన్ను పంపారని నేను అర్థం చేసుకున్నాను.

క్రూ సూపర్‌వైజర్ వెంకటస్వామి నాకు పాత పరిచయం. ప్లాంటు గేటు దగ్గర చాయ్ తాగుతూ దొరికాడు. కిరాయి తగ్గిస్తానన్నాను, కొత్త పరుపులు వేయిస్తానన్నాను. అన్నీ విన్నాడు. "కిరాయి ముచ్చట కాదన్నా. మీ దగ్గర తప్పేం లేదు" అన్నాడు. తప్పు లేనిచోటికి రావడానికి ఏం అడ్డమని అడిగితే నవ్వి, చాయ్ గ్లాసు పెట్టేసి గేటు లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం రిసెప్షన్‌లోని అమ్మాయి చేత ఫోన్‌లో ఆ ఇళ్ళ గురించి జనం రాసినవి చదివించుకున్నాను. మా లాడ్జి ఫొటో కింద ఎవరో 'గది శుభ్రం, నీళ్ళు వస్తాయి' అని రాశారు. ముప్పై ఏళ్ళ వృత్తికి ఆ నాలుగు మాటల సర్టిఫికెట్ చాలనుకునేవాణ్ని. వెంకటస్వామి వాళ్ళు దిగారని ఆ అమ్మాయి చెప్పిన ఇంటి ఫొటో కింద మాత్రం ఇట్లా ఉంది: 'ఇంటి అవ్వ రోజూ తిన్నవా అని అడుగుతది.'

నాకు చురుక్కుమంది. ఎందుకంటే మా లాడ్జిలో ఆ మాట నిషేధం. నిషేధించింది నేనే.

లాడ్జి తెరిచిన మూడో ఏడు సంగతి. గదులు ఊడ్చి పక్కలు వేసే పనికి టేకుమట్ల నుంచి వచ్చిన మరియమ్మ అనే ఆమె ఉండేది. పని చెబితే ఒక్కసారికే పట్టుకునేది. దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడవడం, నీళ్ళ సీసా మీద గ్లాసు బోర్లించడం, తలుపు రెండుసార్లు కొట్టి పక్కకు జరిగి నిలబడడం, అన్నీ నేను నేర్పినవే. ఒక్క అలవాటు మాత్రం మానిపించలేకపోయాను. గదిలోకి వెళ్తే చాలు, పార్టీని "తిన్నరా సారూ?" అనేది. మన దగ్గర అది పలకరింపే, జవాబు కోసం అడిగేది కాదు. కానీ ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఒకాయన లేదన్నాడు. ఆ రోజు బంద్, ఊళ్ళో హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. ఆమె తన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె పెట్టింది. మర్నాడు ఆయనకు కడుపు చెడింది. రొట్టె వల్లేనని రిసెప్షన్ ముందు నిలబడి, ఆమె మాటను వెక్కిరిస్తూ నానా గొడవ చేశాడు.

వెక్కిరించినందుకు నాకు ఒళ్ళు మండింది. అయినా నేను చేసింది వేరు. మరియమ్మను పిలిచి సంజాయిషీ రాయమన్నాను. ఆమెకు సంతకం వరకే వచ్చు. అందుకని కాగితం నేనే రాశాను: 'ఇకముందు గదులలో దిగిన పార్టీలను తిన్నారా అని అడగనని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఆమె సంతకం పెట్టింది. తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఆ కాగితం చూపించి చెప్పేవాణ్ని. లేదన్నవాడికి పెట్టడానికి మన దగ్గర వంటగది లేదు, కాబట్టి ఆ ప్రశ్న అడగకూడదు. నా దృష్టిలో అది తిరుగులేని తర్కం.

సరే, ఇళ్ళ సంగతి. నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. లాడ్జికి మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉండాలి, అగ్నిమాపక శాఖ అనుమతి ఉండాలి. దిగిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎక్కడికి పోతాడు, వచ్చిన పని ఏమిటి, ఇవన్నీ రిజిస్టరులో రాసి, గుర్తింపు కార్డు నకలు తీసుకుని, పోలీసులు అడిగితే చూపాలి. ఇళ్ళకు ఇవేవీ లేవు. అర్జీ రాసి మునిసిపల్ ఆఫీసుకు పట్టుకుపోయాను. అక్కడి అధికారి ఓపికగా చదివి, ఊరంతటి మీద అర్జీ ఇస్తే తనిఖీ కుదరదనీ, ఒక ఇంటి నంబరు, అక్కడ బస చేసినవాళ్ళ వివరం జతచేస్తే వచ్చి చూసి నోటీసు ఇస్తామనీ చెప్పారు. న్యాయంగానే ఉంది. ఇంటి నంబరు కోసం ఖాళీ వదిలి అర్జీ తిరగరాశాను.

మర్నాడు పొద్దున్న వెంకటస్వామి వాళ్ళు దిగిన ఇల్లు కనుక్కుని వెళ్ళాను. సన్నగా వాన. గేటు మీది నంబరు చూసి, అర్జీలో ఖాళీ పూరించి, మడిచి జేబులో పెట్టుకున్నాను. తలుపు రెండుసార్లు కొట్టి పక్కకు జరిగి నిలబడ్డాను.

తలుపు తీసింది మరియమ్మ.

కరోనాలో లాడ్జి మూతపడ్డప్పుడు తీసేసినవాళ్ళలో ఆమె ఉందని జనగామలో విన్నాను. విని ఊరుకున్నాను. ఫోన్‌లో 'ఇంటి అవ్వ' అని చదివినప్పుడు కూడా ఆమె మనసులో మెదలలేదు. ఆ మాట ఈ ప్రాంతంలో ఎవరైనా అడుగుతారు.

"సారూ, మీరేనా? జనగాంల ఉన్నరన్నరు. ఎప్పుడొచ్చిన్రు? లోపలికి రారి, తడుస్తున్నరు" అంది.

వరంగల్లులో నర్సుగా చేస్తున్న కూతురు ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టిందట. మేడ మీది గదులు చూపించింది. క్రూ వాళ్ళు డ్యూటీకి పోయారు. మంచాల మీద దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడిచి ఉన్నాయి. సీసాల మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. నా లాడ్జి తెరిచిన కొత్తలో ఎట్లా ఉండేదో ఆ గది అట్లా ఉంది. ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు ఇంకొకరింట్లో కనిపించినట్టయింది.

"లాడ్జి ఎట్లున్నది సారూ? పద్నాలుగుల నల్లా ఇంక కారుతున్నదా?"

కారుతోందన్నాను.

"మళ్ల పిలుస్తరేమోనని ఏడాది ఎదురుచూసిన. పొద్దుగాల లేచి తయారై కూసునేదాన్ని. గా తాళాల చప్పుడు యాదికొస్తది" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు. మామూలుగా అంది. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

కిందికి దిగాక అడిగింది. "తిన్నరా సారూ?"

తిన్నానన్నాను. తినలేదు. డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే అట్లా చెప్పడం అలవాటు. నిజానికి కొన్నేళ్ళుగా అడిగినవాళ్ళే లేరు. ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది.

"గిది నా ఇల్లు సారూ, గీడ అడగొచ్చు. మీరు రాసిన కాయిదం మీద లాడ్జికని సంతకం పెట్టిన. ఇంటికని పెట్టలే."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఈనాటికీ తేల్చుకోలేదు. ఒక నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని అన్నం వడ్డించింది. పుంటికూర, అదే గోంగూర పప్పు, రెండు మక్కజొన్న గారెలు. గారెలు నాకు ఇష్టమని ఆమెకెట్లా తెలుసో అడగలేదు. పన్నెండేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. ఆమెకేం ఇష్టమో నాకు తెలియదు.

తిన్నాక, దిగినవాళ్ళ వివరం ఎక్కడైనా రాసుకుంటున్నావా అని అడిగాను. కూతురు సెలవు రోజుల్లో వచ్చి రాసిపోతుందని స్కూలు నోటుబుక్కు తెచ్చింది. అందులో ఊరు లేదు, కార్డు నంబరు లేదు. పేరు, దాని పక్కన ఇట్లాంటివి: 'షుగరు, అన్నం తక్కువ.' 'శనివారం ఉపాసం.' 'కారం పడదు.' వెంకటస్వామి పేరు పక్కన 'ఇంటికి ఫోన్ మాట్లాడినంకనే తింటడు' అని ఉంది. ఆయన మా లాడ్జిలో ఎనిమిది ఓవరాలింగులు ఉన్నాడు. మా రిజిస్టరులో ఆయన తండ్రి పేరుంది, ఈ సంగతి లేదు.

ఆ నోటుబుక్కులో కొత్త పేజీ తీసి గీతలు కొట్టాను. పేరు, చిరునామా, కార్డు నంబరు, వచ్చిన తేదీ, పోయిన తేదీ. పోలీసులు అడిగితే ఇది చూపాలని, మునిసిపాలిటీలో లైసెన్సుకు ఎట్లా దరఖాస్తు చేయాలో కూతురికి చెప్పమని వివరించాను. ఆమె అంతా విని, "గీ తిండిది ఉండనియ్యిరి సారూ" అంది. చివర ఇంకో గడి గీశాను.

అర్జీ మీద ఇంటి నంబరు కొట్టేసి ఆఫీసులో ఇచ్చాను. ఇళ్ళను కూడా నమోదు చేయించాలన్న నా అభిప్రాయం మారలేదు, ఇప్పటికీ మారలేదు. నంబరు లేని అర్జీ కాబట్టి ఫైలులో ఉండిపోయింది. వెళ్ళి కింది అంతస్తులో వంటగది కడదామని యజమానిని అడిగాను. ఆయన "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది గదులు కూలగొట్టి కడ్తవా?" అన్నారు. అప్పటికే స్కానింగ్ సెంటరు వాళ్ళు కొలతలు తీసుకుపోయారు.

దసరా తర్వాత లాడ్జి మూశాం. పనివాళ్ళలో ఇద్దరు ఊళ్ళో అద్దెకిచ్చే ఇళ్ళలోనే కుదిరారు, మిగతావాళ్ళు తలోదిక్కు పోయారు. తాళాలు వరుసగా తీసి యజమాని చేతికిచ్చాను. మా తాళాలకు ఇత్తడి బిళ్ళలు ఉండేవి, బోర్డు మీద తగిలించినప్పుడు గలగలమనేవి. మా సొంతూరు నెల్లికుదురులో ఇప్పుడు నా ఇంటికి ఒకటే తాళం, దానికి చప్పుడు లేదు. పొద్దున లేవగానే ఏ గది ఖాళీ, ఏ గది నిండింది అని లెక్క మొదలవుతుంది, ఆ తర్వాత గుర్తొస్తుంది. ఆ లాడ్జి మీద నాకు బెంగ ఉంది. దాచుకోవలసిన పని లేదు.

ఇళ్ళు వచ్చి మా వ్యాపారం తీసుకుపోయాయని మా వృత్తిలోవాళ్ళు అంటుంటారు. లైసెన్సుల విషయంలో వాళ్ళ వాదన సరైనదే. మా లాడ్జి వరకు నేను తెలుసుకున్నది ఇది. లేదని జవాబొస్తే పెట్టడానికి ఏమీ లేదని నేను ప్రశ్నను మాన్పించాను. ప్రశ్నను ఉండనిచ్చి వంటగది కట్టించి ఉండాల్సింది.