అరవనివాళ్ళ దగ్గరికి ముందు

నాకు నర్సు పని నేర్పిన మా పెద్ద సిస్టర్ పోయిన ఆదివారం రేణిగుంటలో తన చెల్లెలి ఇంట్లో కన్నుమూశారు. "అక్క పోయిందమ్మా. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టినాది," అని ఆ చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం దాకా డ్యూటీ చేసి అప్పుడు బయలుదేరాను. సెలవు పెట్టి వెళ్ళి ఉంటే ఆవిడకు నచ్చేది కాదు.

నేను ట్రైనింగ్ ముగించి చిత్తూరు పెద్దాసుపత్రిలో చేరినప్పుడు క్యాజువాలిటీ వార్డుకు ఆవిడే ఇన్‌ఛార్జి. రాగానే ఆక్సిజన్ సిలిండర్లు తానే తిప్పి చూసుకునేవారు. మేమంతా చెప్పులేసుకుంటే ఆవిడ తెల్లచీర కింద కాన్వాస్ బూట్లు తొడిగేవారు. "పరిగెత్తాల్సిన రోజు చెప్పి రాదు పాపా," అనేవారు. పెరుగన్నం నిలబడే తినేవారు. ఎవరినైనా 'మూడో బెడ్డు' అన్నామా, అంతే. "ఆయనకు పేరుండాది. కనుక్కోని రా," అని వెనక్కి పంపేవారు. చేరిన మొదటి వారంలో ఆవిడ తిట్లకు దుప్పట్ల గదిలో కూర్చుని ఏడ్చాను కూడా.

ఆవిడ ఎలాంటి మనిషో తెలిసింది మాత్రం ఒక మామిడికాయల కాలంలో. బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీకి కూలీలను తీసుకెళ్తున్న లారీని బస్సు గుద్దింది. పదకొండు గంటలప్పుడు జీపుల్లో, ఆటోల్లో, కాయల వ్యానుల్లో మనుషులను తెచ్చి దించడం మొదలుపెట్టారు. చూస్తుండగానే వరండా నిండిపోయింది. ఆ పూట ఉన్న డాక్టర్లు ఇద్దరు.

గట్టిగా అరుస్తున్న ఒకామె దగ్గరికి నేను పరిగెత్తాను. చెయ్యి విరిగింది. పెద్ద సిస్టర్ వచ్చి నా భుజం పట్టుకుని అవతలికి తిప్పారు.

"అరిసేవాళ్ళకు ఊపిరుండాది. అరవనోళ్ళు యాడుండారో సూడు ముందు."

తర్వాత ఆవిడ ప్లాస్టర్ చుట్ట, ఎర్రమందు సీసా తీసుకుని వాకిట్లో నిలబడ్డారు. ఒక్కొక్కరి దగ్గర వంగి ఊపిరి చూడడం, నాడి పట్టుకోవడం, "పేరేంది?" అని అడగడం. అరనిమిషం పట్టేది. రొమ్ము మీద ప్లాస్టర్ ముక్క అంటించి ఎర్రచుక్క పెడితే వెంటనే లోపలికి. చుక్క లేకపోతే వరండాలోనే. నడవగలిగినవాళ్ళను సైకిల్ స్టాండ్ నీడకు పంపారు. మా మనిషిని ముందు చూడండని ఒక పెద్దమనిషి అడ్డం నిలబడితే, "మీ మనిషి మాట్లాడతా ఉండాడబ్బా. ఈ బిడ్డ మాట్లాడ్డంల్యా. జరుగు," అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన జరిగాడు.

ఒకాయన దగ్గర మాత్రం ఎక్కువసేపు వంగి ఉన్నారు. యాభై ఏళ్ళుంటాయి. తలకు పెద్ద దెబ్బ. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. లోపలికి పంపకుండా గోడ పక్కన పడుకోబెట్టించారు.

"ఇంకా ప్రాణముంది సిస్టర్!" అన్నాను.

"ఉండాది, నాకు తెలుసు. డాక్టర్లిద్దరూ ఈయన దగ్గరే నిలబడినా నిలవడు పాపా. ఈలోగా అవతల ముగ్గురు పోతారు."

అలా అని, మా ఆయాను పిలిచి ఆయన పక్కన కూర్చోబెట్టారు. "ఈయన చెయ్యి పట్టుకో. ఎవరు పిలిచినా లేయబాకు."

ముప్పావుగంటకు ఆయన పోయాడు. అంతసేపూ ఆయా లేవలేదు. ఎర్రచుక్కతో లోపలికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తర్వాత తమ కాళ్ళ మీద ఇళ్ళకు వెళ్ళారు. ఇలా ఎవరికి ముందో ఎవరికి తర్వాతో తేల్చడాన్ని ఇప్పుడు ట్రయాజ్ అంటున్నారు. తిరుపతిలో కొత్త నర్సులకు నేను నేర్పేది అదే. పద్ధతి అరగంటలో చెప్పేయవచ్చు. నాలుగు రోజుల తర్వాత జరిగింది ఎలా నేర్పాలో మాత్రం నాకింకా తెలియదు.

ఆ రోజు, గోడ పక్కన పోయినాయన కూతురు వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. వార్డు గుమ్మంలో నిలబడి, "మా నాయనను ఎవురూ సూడలేదంట. గోడ పక్కన పడేసినారంట. ఎవురు చేసినారు ఆ పని?" అని అడిగింది.

పెద్ద సిస్టర్ చేతిలోని ట్రే కింద పెట్టి ముందుకు వచ్చారు.

"నేనమ్మా. మీ నాయన బతకడని నాకు తెలిసిపోయినాది. బతికేవాళ్ళను ముందు లోపలికి పంపినాను. ఇంకెవుర్నీ అనబాకు. అనాల్సింది నన్నే."

ఆ అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఒక్కడే పోయినాడా?" అని అడిగింది.

"లేదు," అని పెద్ద సిస్టర్ ఆయాను పిలిచారు.

"కడదాకా పట్టుకోనే ఉన్నా బిడ్డా," అంది ఆయా. "ఒకసారి నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు మీ నాయన."

ఆ అమ్మాయి ఆయా చెయ్యి అందుకుని చెంపకు ఆనించుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

వార్డు నాకు అప్పజెప్పి, పెద్ద సిస్టర్ ఆ అమ్మాయిని బస్టాపు దాకా తీసుకెళ్ళారు. డ్యూటీ మధ్యలో ఆవిడ బయటికి వెళ్ళడం నేను చూసింది ఆ ఒక్కసారే. వార్డు కిటికీలోంచి బస్టాపు కనబడుతోంది. బంగారుపాళ్యం బస్సు వచ్చింది, అమ్మాయి ఎక్కింది, బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం కదల్లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెత్తిన కొంగైనా వేసుకోకుండా, ఆ ఖాళీ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు.